క్వారీ బ్యాంక్ నూలు మిల్లు సందర్శన: వనం, కథనం, మౌనం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఇంగ్లాండులోని చెషైర్ ప్రాంతంలో బోలిన్ నది ఒడ్డున 1784లో ఏర్పడిన క్వారీ బ్యాంక్ నూలు మిల్లు నేడు తోటలు, అడవి, కార్మిక గ్రామంతో సహా నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో సందర్శనస్థలంగా ఉంది. ఈ స్థలాన్ని ఒక కథనంగా గ్రహించి, అది చెప్పే విషయాలను, చెప్పకుండా వదిలిన విషయాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. 1835లో ఆండ్రూ యూర్, 1845లో ఫ్రెడరిక్ ఎంగెల్స్ ఇదే మిల్లును ప్రస్తావించిన తీరు, అప్రెంటిస్ పిల్లల వాంగ్మూలాలు, గోదావరి డెల్టాలోని మాధవాయపాలెం పేరు మిల్లు గుడ్డ పేరుగా మారిన వైనం ఇందుకు ఆధారాలు. సంరక్షణకు గీసిన హద్దు ఆస్తి హద్దుతో ఒకటి కావడం వల్ల నూలు చరిత్రలో పెద్ద భాగం ఆ కథనానికి వెలుపల ఉండిపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: క్వారీ బ్యాంక్, నూలు మిల్లు, వారసత్వ స్థలం, యాత్రాకథనం, బాలకార్మికులు, మాడపొల్లం, ఆజంజాహీ మిల్లు.

1. ప్రవేశిక

ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన కాశీయాత్ర 1838లో గ్రంథంగా వెలువడింది. అప్పటి నుంచి తెలుగులో యాత్రాకథనం పుణ్యక్షేత్రాలను, నగరాలను, ప్రకృతి దృశ్యాలను, విదేశీ జీవితాన్ని విస్తారంగా చిత్రించింది. కర్మాగారాన్ని యాత్రాస్థలంగా చూసిన రచనలు మాత్రం అరుదు. పనిచేస్తున్న కర్మాగారం యాత్రికుడికి అడ్డు. పని ఆగిపోయిన కర్మాగారం మన దగ్గర సాధారణంగా మిగలదు. అందువల్ల ఆగిపోయిన మిల్లును చూడడం అనే అనుభవాన్ని విశ్లేషించే పరిభాష తెలుగు విమర్శలో ఇంకా ఏర్పడలేదు.

ఆ పరిభాషకు తగిన ఉదాహరణ క్వారీ బ్యాంక్. మాంచెస్టరుకు దక్షిణాన స్టైల్ గ్రామం పక్కన ఉన్న ఈ మిల్లును బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన శామ్యూల్ గ్రెగ్ (1758–1834) స్థాపించాడు. మిల్లు, యజమాని ఇల్లు, పిల్లలుండే అప్రెంటిస్ హౌస్, పనివారి కుటీరాలు, ప్రార్థనామందిరం, బడి, నదికి రెండు వైపులా అడవి అన్నీ ఒకే ఎస్టేటుగా నిలిచి ఉండడం దీని ప్రత్యేకత. 1939లో గ్రెగ్ వంశీయుడైన అలెగ్జాండర్ గ్రెగ్ ఈ ఎస్టేటును నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించాడు. వాణిజ్య ఉత్పత్తి 1959లో ఆగింది. 1970వ దశకం చివరి నుంచి మిల్లు ప్రదర్శనశాలగా రూపొందింది. నేటి సందర్శకుడు టికెట్టు కొని, తోటలో నడిచి, పిల్లల ఇల్లు చూసి, నీటిచక్రం చూసి, నడుస్తున్న మగ్గాల చప్పుడు విని, తేనీరు తాగి వెళ్తాడు. ఈ క్రమం యాదృచ్ఛికమైనది కాదు. ఇందులో ఒక కథనసంవిధానం ఉంది, దానికి ఒక పూర్వచరిత్ర కూడా ఉంది.

2. ఇద్దరు పూర్వ సందర్శకులు

క్వారీ బ్యాంక్ ప్రదర్శనశాల కావడానికి చాలా ముందే సందర్శనస్థలం. మిల్లు జోరుగా నడుస్తున్న రోజుల్లోనే బయటివారు దాన్ని చూసిపోయేవారు, చూసినవారు రాసేవారు. వారిలో ఇద్దరి రాతలు నేటి సందర్శనను అర్థం చేసుకోవడానికి అత్యంత ఉపయుక్తంగా ఉన్నాయి.

మొదటిది ఆండ్రూ యూర్ 1835లో ప్రచురించిన యంత్రోత్పత్తి తత్త్వశాస్త్ర గ్రంథం. ఫ్యాక్టరీ వ్యవస్థను ఇంత భక్తితో స్తుతించిన రచయిత మరొకడు లేడు. మార్క్స్ అతణ్ని ఆటోమేటిక్ ఫ్యాక్టరీకి పిండార్ అని వెక్కిరించాడు. మన పరిభాషలో చెప్పాలంటే యూర్ మిల్లుయజమానుల ఆస్థానకవి. క్వారీ బ్యాంక్‌ను వర్ణించేటప్పుడు అతని చూపు యంత్రాల కన్నా ముందుగా ఎండ పడే వాలు మీద అందంగా నిలిచిన అప్రెంటిస్ బాలికల ఇంటిమీద నిలుస్తుంది. శుభ్రత, తిండి, ఆరోగ్యం, చదువు, ప్రార్థన వరుసగా వస్తాయి. ప్రబంధంలో పురవర్ణన నాయకుడి గుణవర్ణనకు పూర్వరంగమైనట్లు, ఇక్కడ స్థలవర్ణన యజమాని ధర్మనిరతికి పూర్వరంగం. వాలు మీద పడే ఎండ కూడా యజమాని సుగుణాల జాబితాలో చేరిపోతుంది.

రెండవది ఎంగెల్స్ 1845లో జర్మన్ భాషలో వెలువరించిన ఇంగ్లాండు శ్రామికవర్గ స్థితిగతుల గ్రంథం. అందులో అతను ఒక ఊహాత్మక సందర్శకుణ్ని ప్రవేశపెడతాడు. మంచి పరిచయపత్రాలతో మాంచెస్టరు వచ్చిన ఆ పెద్దమనిషిని ఉదారవాదులైన మిల్లుయజమానులు ఆదరిస్తారు. యాష్‌వర్త్ టర్టన్‌కు తీసుకుపోతాడు. గ్రెగ్ క్వారీ బ్యాంక్‌కు తీసుకుపోతాడు. ఎత్తైన, గాలి ఆడే గదులు, చక్కని యంత్రాలు, అక్కడక్కడ ఆరోగ్యంగా కనిపించే పనివారు కళ్లబడతారు. మధ్యలో మంచి భోజనం. తరువాత కుటీరాల దర్శనం. పక్కన యజమాని ఉండగా అడగరాని ప్రశ్నలు నోటికి రావు. పల్లెగాలి వల్ల పనివారు నిజంగానే కొంత మెరుగ్గా కనిపిస్తారు. బీదరికం గురించి తాను విన్నదంతా అతిశయోక్తి కాబోలునని అతిథికి అనిపించడం మొదలవుతుంది. ఇల్లు, ఉద్యోగం ఒకే చేతిలో ఉన్నప్పుడు పనివాడు ఎంత కట్టుబడిపోతాడో, బడి ఎవరికి విధేయత నేర్పుతుందో అతనికి ఎవరూ చెప్పరు.

ఈ భాగాన్ని సాధారణంగా ఆర్థికచరిత్రకారులు యజమానుల దయాదాక్షిణ్యాల చర్చలో ఉదహరిస్తారు. సాహిత్య విద్యార్థికి అందులో మరొక విలువ ఉంది. ఎంగెల్స్ ఇక్కడ విమర్శిస్తున్నది మిల్లును కన్నా సందర్శన అనే ప్రక్రియను. ఎవరు తీసుకువెళ్తున్నారు, ఏ దారిలో, ఏ క్రమంలో, ఎక్కడ ఆపి, ఎవరి సమక్షంలో అనే అంశాలు చూసేవాడి తీర్పును ముందే తయారుచేసి పెడతాయని అతను గుర్తించాడు. కథకుడి దృష్టికోణం గురించి ఆధునిక కథనశాస్త్రం తరువాతి కాలంలో చెప్పిన మాటలకు ఇది తక్కువైనది కాదు.

నేడు యజమాని పక్కన లేడు. అతని స్థానంలో ఒక ధార్మిక సంస్థ, శిక్షణ పొందిన మార్గదర్శకులు, గోడల మీద వివరణ ఫలకాలు ఉన్నాయి. ఎంగెల్స్ నాటి మార్గదర్శి దాచిన విషయాల్లో కొన్నింటిని వీరు ధైర్యంగా చెబుతారు. ఈ మార్పు చిన్నది కాదు. అయినా భోజనం చేసిన పనిని ఇప్పుడు ఏది చేస్తోందన్న ప్రశ్న మిగిలే ఉంది.

3. వనం చేసే పని

ఆ పనిని చేస్తున్నది వనం. బోలిన్ లోయలో రోడోడెండ్రాన్ పూలు, పాత బీచ్ చెట్లు, వాగుల మీద వంతెనలు, నది వంపు మీదుగా కనిపించే ఎర్ర ఇటుక మిల్లు చూసినవారు ఇది కర్మాగారమని ఒక క్షణం మరిచిపోతారు. పై తోటలో 1820వ దశకపు ఇనుప చట్రపు గాజుశాలను సంస్థ ఇటీవల పునరుద్ధరించింది. అక్కడ ఒకనాడు యజమాని బల్లకోసం ద్రాక్ష పండింది. అప్రెంటిస్ హౌస్ ముందు మరొక తోట ఉంది. అందులో పిల్లలు తాము తినబోయే కూరగాయలు తామే పండించారు. రెండు తోటలూ నేడు ఒకే టికెట్టు మీద, ఒకే రకమైన శ్రద్ధతో, ఒకే పచ్చదనంతో కనిపిస్తాయి. రెండింటి మధ్య దూరం కొద్ది నిమిషాల నడక. ఆ నడక ఎంత హాయిగా ఉంటుందంటే, రెండు తోటలకూ మధ్య ఉన్న అసలు దూరం కంటికి ఆనదు.

రేమండ్ విలియమ్స్ తన 'ది కంట్రీ అండ్ ది సిటీ' (1973)లో పల్లెదృశ్యాన్ని ఆస్వాదించే చూపు శ్రమను దృశ్యం నుంచి తొలగించడం మీద ఆధారపడుతుందని నిరూపించాడు. క్వారీ బ్యాంక్ ఈ సిద్ధాంతానికి సులభంగా లొంగదు. శామ్యూల్ గ్రెగ్ ఇల్లు మిల్లు పక్కనే ఉంది. చక్రం చప్పుడు, గంట మోత ఆ ఇంటి కిటికీలకు వినిపించేవే. శ్రమను దృశ్యం నుంచి తొలగించడం తొలి తరంలో జరగలేదు. కొడుకు రాబర్ట్ హైడ్ గ్రెగ్ 1831లో మిల్లుకు ఎడంగా నార్‌క్లిఫ్ హాల్ కట్టించుకున్నాడు. పనిగంటల పరిమితిని వ్యతిరేకిస్తూ 1837లో పుస్తకం రాసినవాడు కూడా ఇతడే. ఒక్క తరంలో ఇల్లు మిల్లుకు దూరమైంది, యజమాని శాసనానికి దూరమయ్యాడు. ఈ రెండు దూరాలను కలిపి చూపగల అవకాశం ఆ స్థలంలోనే ఉంది. సందర్శన క్రమం మాత్రం తోటను తోటల చరిత్రకు, పుస్తకాన్ని కార్మికచరిత్రకు విడివిడిగా పంచిపెడుతుంది.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక మాట దగ్గర ఆగాలనిపిస్తుంది. మిల్లు చుట్టూ ఉన్న ఈ వనభూమిని ఆంగ్లేయులు పార్కు అంటారు. వరంగల్ ప్రాంతంలో నేడు టెక్స్‌టైల్ పార్కు అంటే షెడ్లు, విద్యుత్తు, రోడ్లు, రాయితీలు ఉన్న పారిశ్రామిక భూమి. ఒకచోట పరిశ్రమ వెళ్లిపోయాక మిగిలినది పార్కు. మరొకచోట పరిశ్రమ రావలసిన ఖాళీ స్థలం పార్కు. ఒకే మాట రెండు చివరల నిలబడి ఉంది. ఇక ఆ వనంలోని నిశ్శబ్దాన్ని కొన్ని నిమిషాలకొకసారి మాంచెస్టరు విమానాశ్రయం నుంచి లేచే విమానాలు భగ్నం చేస్తాయి. స్టైల్ గ్రామాన్ని ఏకాంత గ్రామీణ స్వప్నంగా చూపే ఛాయాచిత్రాలకు ఈ చప్పుడు అందదు.

4. అప్రెంటిస్ హౌస్: వినిపించే గొంతులు

క్వారీ బ్యాంక్ కథనంలో అత్యంత బలమైన భాగం 1790లో కట్టిన అప్రెంటిస్ హౌస్. పారిష్ వర్క్‌హౌస్‌లలోని అనాథ, నిరుపేద పిల్లలను ఒప్పందపత్రాల మీద తెచ్చి ఇక్కడ ఉంచారు. అత్యధికంగా సుమారు 90 మంది, వారిలో ఆడపిల్లలే ఎక్కువ. తెగిన పోగులు అతకడం, నడుస్తున్న యంత్రం కింద దూరి రాలిన దూది ఏరడం చిన్న శరీరాలకు అప్పగించిన పనులు. దినమంతా మిల్లులో గడిచాక కొంత చదువు, ఆదివారం ప్రార్థన. ఈ పద్ధతి 1847 వరకు సాగింది.

అప్రెంటిస్ అనే మాటను తెలుగులో అలాగే ఉంచడంలో ఒక చిక్కుంది. నేటి తెలుగులో అది శిక్షణలో ఉన్న ఉద్యోగిని సూచిస్తుంది. ఈ పిల్లలకు ఇచ్చింది తిండి, బట్ట, నీడ. కూలి లేదు, అదనపు గంటలకు మాత్రం కొద్ది పెన్నీలు. నేర్చిన పని బయట ఎక్కడా స్వతంత్ర జీవనోపాధినిచ్చే విద్య కాదు. గడువు తీరే వరకు విడిచిపోయే హక్కు లేదు. తెలుగు గ్రామీణ జీవితంలో దీనికి దగ్గరగా వచ్చే మాట జీతగాడు. అయితే పేరుకైనా జీతగాడి మాటలో జీతం ఉంది. అనువాదకులు ఈ సందర్భంలో 'ఒప్పందపు పిల్లలు' అనడం యుక్తం.

మార్గదర్శకులు పడకగదిని, మందుల గదిని, గంజిలాంటి ఓట్స్ జావను వివరిస్తారు. పిల్లలకు వైద్యం చేసిన పీటర్ హాలండ్ గురించి చెబుతారు. మిల్లుకు వైద్యుణ్ని నియమించిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. ఈ హాలండ్ నవలాకారిణి ఎలిజబెత్ గాస్కెల్‌కు మేనమామ. మిల్లు యజమానికీ కార్మికులకూ మధ్య సంవాదాన్ని 'నార్త్ అండ్ సౌత్' (1855) నవలగా మలిచిన రచయిత్రి కుటుంబంలోనే మిల్లు పిల్లల నాడి పట్టుకున్న వైద్యుడు ఉండడం ఆ కాలపు పారిశ్రామిక నవలను అధ్యయనం చేసేవారు గుర్తుంచుకోదగినది.

ఈ ఇంటికి ప్రాణం పోసింది మాత్రం పారిపోయిన పిల్లలు. 1806లో జోసెఫ్ సెఫ్టన్, థామస్ ప్రీస్ట్‌లీ అనే ఇద్దరు బాలురు మిల్లు విడిచి నడిచి లండన్ చేరారు. పట్టుబడి న్యాయాధికారుల ముందు ఇచ్చిన వాంగ్మూలాల వల్లనే వారి మాటలు మిగిలాయి. థామస్ వేలు యంత్రంలో పోయింది. తల్లిని చూడాలనిపించి బయలుదేరానన్నాడు. జోసెఫ్ పనిమీద పెద్దగా ఫిర్యాదు చేయలేదు. అదనపు గంటలు మాత్రం ఇష్టం లేదన్నాడు, చదువుకోవాలన్న కోరికకు అవి అడ్డు కావడమే కారణమన్నాడు. ఈ వాంగ్మూలాలు కరుణరసం కోసం రాసినవి కావు. న్యాయాధికారి అడిగాడు, గుమాస్తా రాశాడు. కౌరవసభలో ద్రౌపది లేవనెత్తిన ధర్మప్రశ్నలా ఈ పిల్లల మాటలు సభను నిలదీయవు. అడిగినదానికి మాత్రమే బదులు చెబుతాయి. అయినా తల్లిని చూడాలనడం, చదువుకోవాలనడం అనే రెండు సాదా కోరికలు యూర్ వర్ణించిన ఎండపడే వాలును మొత్తంగా తలకిందులు చేస్తాయి.

1836లో పారిపోయిన ఎస్తర్ ప్రైస్ కథ మరింత ప్రసిద్ధం. తిరిగి వచ్చిన ఆమెను గదిలో ఒంటరిగా బంధించారు. తన బాప్టిజం పత్రాన్ని సంపాదించి, యజమాని లెక్కల్లో రాసిన వయసు కన్నా తన వయసు ఎక్కువని వాదించింది ఆమె. వయసు ఎక్కువైతే ఒప్పందం ముందే ముగియాలి. 2013లో చానల్ 4 ప్రసారం చేసిన 'ది మిల్' ధారావాహిక ఆమెను కథానాయికగా నిలిపింది. ధారావాహిక ఆమె ధైర్యాన్ని పట్టుకుంది. విమర్శకుడు పట్టుకోవలసింది ఆమె ఎంచుకున్న సాధనాన్ని. కాగితంతో బంధించిన వ్యవస్థను ఆమె మరొక కాగితంతో ఎదిరించింది. ప్రదర్శనశాల కూడా ఈ కాగితాల మీదే నిలబడింది. గ్రెగ్ కుటుంబం లెక్కలు జాగ్రత్తగా దాచుకోకపోతే ఎస్తర్ మనకు తెలిసేది కాదు. యజమాని దస్తావేజుల గదిలోంచే కార్మికుడి గొంతు వినవలసి రావడం ఈ కథనానికున్న గొప్ప బలం. దాని పరిమితి కూడా అక్కడే మొదలవుతుంది. దస్తావేజుల్లోకి రానివారు కథలోకి రారు.

5. తెచ్చిపెట్టిన చక్రం

సందర్శకులు అత్యధికంగా ఫొటో తీసుకునేది నీటిచక్రాన్ని. 1818లో ఇక్కడ అమర్చిన మహాచక్రం వ్యాసం 32 అడుగులు. దానిని 1904లో తొలగించి టర్బైన్లు పెట్టారు. నేడు తిరుగుతున్న చక్రం యార్క్‌షైర్‌లోని గ్లాస్‌హౌసెస్ మిల్లు నుంచి తెచ్చి 1980వ దశకంలో పునరుద్ధరించినది. ఈ విషయాన్ని సంస్థ దాచిపెట్టలేదు. అయితే మిల్లు ఆవిరియంత్రాన్ని 1810 నాటికే వాడింది. చివరి యాభై ఏళ్లకు పైగా నడిచింది టర్బైన్లతో. ఆవిరియంత్రాలకూ ప్రదర్శనలో చోటుంది. ప్రధానదృశ్యంగా మాత్రం నీరు, ఇనుము, చప్పుడు కలిసిన చక్రమే నిలిచింది. పద్ధెనిమిదో శతాబ్దపు మిల్లు ఇరవయ్యో శతాబ్దపు మిల్లు కన్నా కంటికి ఇంపుగా ఉంటుందని ఈ ఎంపిక ఒప్పుకుంటోంది.

6. మాధవాయపాలెం నుంచి మాడపొల్లం

ప్రదర్శనశాలలో దూది శుభ్రపరచడం, ఏకడం, రాట్నం, బహుళ కదుళ్ల యంత్రం, మ్యూల్, మరమగ్గం వరుసగా చూపుతారు. చేతిరాట్నం దగ్గర నిలబడి ఒడికే స్త్రీ ఈ కథలో తొలి మెట్టు. యంత్రం రెండవ మెట్టు. తొలి మెట్టు ఇంగ్లాండు పల్లెకుటీరంలోనే ఉన్నట్లు ఈ అమరిక సూచిస్తుంది. నూలు చరిత్ర తెలిసినవారికి ఇక్కడ ఒక పెద్ద ఖాళీ కనిపిస్తుంది.

ఇంగ్లాండు 1700, 1721 సంవత్సరాల్లో చేసిన శాసనాలు మొదట భారతీయ అద్దకపు బట్టల దిగుమతిని, తరువాత దాదాపు అన్ని రంగుల నూలుబట్టల వాడకాన్ని నిషేధించాయి. మచిలీపట్నం తీరం నుంచి వెళ్లిన కలంకారీ, అద్దకపు బట్టల మోజే ఈ నిషేధాలకు కారణాల్లో ఒకటి. రెండవ శాసనాన్ని 1774లో రద్దు చేశారు. సరిగ్గా పదేళ్లకు క్వారీ బ్యాంక్ వెలిసింది. అంటే ఆ మిల్లు ఒక ఖాళీ స్థలంలో పుట్టలేదు; కోరమాండల్ బట్ట పెంచిన రుచి మీద, ఆ బట్టను అడ్డుకున్న శాసనాల నీడలో పుట్టింది.

ఈ సంబంధానికి భాషలో మిగిలిన సాక్ష్యం మాడపొల్లం. నరసాపురం దగ్గర గోదావరి పాయ ఒడ్డున ఉన్న మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీకి వర్తకస్థావరం ఉండేది. బందమూర్లంక, ఇంజరం స్థావరాలతో కలిసి అది డెల్టా నేతబట్టను సేకరించేది. అక్కడి తెల్లని గుడ్డకు ఆంగ్లేయుల నోట ఊరిపేరే పేరైంది. 1886లో యూల్, బర్నెల్ కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు ఈ మాటను వివరిస్తూ 1833 వరకు అది కంపెనీ స్థావరమని, తమ కాలానికి ఆ పేరు గల గుడ్డ ఇంగ్లాండు నుంచి భారతదేశానికి వచ్చే ముఖ్యమైన ఎగుమతి సరుకని చెప్పింది. నిఘంటుకారులు దీనిమీద వ్యాఖ్య చేయలేదు. చేయనక్కరలేదు కూడా. నేసినవారి ఊరిపేరు నేతను మింగిన సరుకు మీద ముద్రగా మారి అదే తీరానికి తిరిగివచ్చింది.

లాంక్లాత్ అనే మాట దారి కూడా ఇదే. కోరమాండల్ నేతగాళ్ల నిడివైన తెల్లగుడ్డకు ఆంగ్లవర్తకులు పెట్టిన పేరు అది. తెలుగువారికి అది మిల్లుగుడ్డ పేరుగా తిరిగి పరిచయమైంది. పడుగు పోగుల లెక్కను చెప్పే పుంజం అనే తెలుగు మాట ఒకప్పుడు కంపెనీ ఖాతాల్లో సరుకు పేరుగా చేరింది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి ఆంగ్ల వ్యాపార పత్రికలకు తెలుగునేల నుంచి అందిన పేరు మారింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల నుంచి కాకినాడ రేవు మీదుగా వెళ్లిన పత్తికి 'కోకనాడాస్' అని పేరు. మాధవాయపాలెం గుడ్డకు పేరిచ్చింది. కాకినాడ పత్తిబేళ్లకు పేరిచ్చింది. ఈ రెండు పేర్ల మధ్య గడిచిన కాలమే తెలుగు నేత పతనచరిత్ర. ఆర్థికచరిత్ర దీనిని గణాంకాలతో చెబుతుంది. పదచరిత్ర రెండు మాటలతో చెబుతుంది. తెలుగు శాఖల్లోని పరిశోధకులు నేతపదకోశాల సేకరణలో వృత్తిపదాలకు ఇచ్చిన శ్రద్ధను ఈ వ్యాపారపదాలకు ఇవ్వలేదన్నది ఇక్కడ చెప్పక తప్పని మాట.

ఇక్కడి వాదం క్వారీ బ్యాంక్ అనే ఒక్క మిల్లు మీద నేరారోపణ కాదు. లాంకషైర్, చెషైర్ మిల్లులన్నీ కలిసి తెచ్చిన మార్పు ఇది. అయితే ఆ మిల్లులన్నింటికీ ప్రతినిధిగా నిలవడానికి సిద్ధపడిన స్థలం ఆ కథలో ఈ భాగానికి కూడా ప్రాతినిధ్యం వహించాలి.

ఇలాంటిదే మరొక మౌనం కొంతవరకు వీడింది. గ్రెగ్ కుటుంబానికి కరీబియన్‌లోని డొమినికా ద్వీపంలో హిల్స్‌బరో అనే తోట ఉండేది. అది బానిసల శ్రమతో సాగింది. బానిసత్వ నిర్మూలన శాసనం తరువాత ప్రభుత్వం చెల్లించిన పరిహారం యజమానులకు అందింది, బానిసలకు కాదు. నేషనల్ ట్రస్ట్ 2020లో తన ఆస్తులకు వలసవాదంతో, బానిసత్వంతో ఉన్న సంబంధాలపై నివేదిక వెలువరించింది. దానిపై బ్రిటన్‌లో తీవ్రమైన వివాదం చెలరేగినా, మిల్లు మొదలైన రోజుల పెట్టుబడిని, ముడిపత్తిని బానిసల శ్రమతో కలిపి చదవడం అప్పటి నుంచి తప్పనిసరి అయింది. డొమినికా కథనంలోకి రావడానికి మార్గం ఆస్తిపత్రాలు. హిల్స్‌బరో గ్రెగ్‌ల ఆస్తి కాబట్టి అది గ్రెగ్‌ల చరిత్ర. మాధవాయపాలెం వారి ఆస్తి కాదు కాబట్టి ఇప్పటికీ బయటే ఉంది. వారసత్వస్థలానికి హద్దులు నిర్ణయించినది చరిత్ర కన్నా ఎక్కువగా యాజమాన్యం.

1833వ సంవత్సరాన్ని ఈ దృష్టితో చూడాలి. బాలల పనిగంటలను పరిమితం చేసి తనిఖీదార్లను నియమించిన ఫ్యాక్టరీ శాసనం, బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ నిర్మూలన శాసనం, ఈస్టిండియా కంపెనీ వర్తకానికి స్వస్తి చెప్పిన చార్టర్ శాసనం ఆ ఒక్క ఏడాదిలోనే వచ్చాయి. మొదటిది స్టైల్ గ్రామంలోని పిల్లలను, రెండవది డొమినికా తోటను, మూడవది గోదావరి డెల్టా నేతగాళ్లను తాకింది. మొదటిదానికి ఆ మిల్లులో గది ఉంది. రెండవదానికి ఇటీవల ఫలకం స్థాయి చోటు దొరికింది. మూడవదానికి తలుపు ఇంకా తెరుచుకోలేదు.

7. మరొక తీరు సందర్శన

1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి ఇంగ్లాండు వెళ్లిన గాంధీ లాంకషైర్‌లోని డార్వెన్‌కు వెళ్లాడు. విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల దెబ్బతిన్నామని భావించిన మిల్లు ప్రాంతం అది. అతను అక్కడ నిరుద్యోగ కార్మికులతో మాట్లాడాడు, వారి కష్టాన్ని కాదనలేదు. భారతదేశంలోని దారిద్ర్యాన్ని వారి ముందుంచాడు. మిల్లు స్త్రీలు ఆయన చుట్టూ చేరి నవ్వుతూ నిలబడిన ఛాయాచిత్రం సుప్రసిద్ధం. ఎంగెల్స్ అతిథికి యజమాని సమక్షంలో ప్రశ్న నోటికి రాలేదు. గాంధీ సందర్శనలో ప్రశ్నలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. నూలు ఆ చివరనున్నవారు, ఈ చివరనున్నవారి తరఫున వచ్చినవాడు ఒకే గదిలో ఉన్నారు. క్వారీ బ్యాంక్‌లో లోపించినది ఆ రెండవ చివర.

ఆ చివరను కథనంలోకి తేవలసిన బాధ్యతను ఆంగ్ల సంస్థ మీదనే పెట్టడం న్యాయం కాదు. ఓరుగల్లులో నిజాం ప్రభుత్వ కాలంలో 1934లో స్థాపించిన ఆజంజాహీ మిల్లు ఒకప్పుడు ఆ నగర జీవనానికి కేంద్రం. తరువాత జాతీయ వస్త్రసంస్థ చేతికి వెళ్లి, మూతపడి, దాని భూమి నివాసస్థలాలుగా మారింది. యంత్రాలు పోయాయి. షిఫ్టు సైరనుతో పొద్దు లెక్కపెట్టుకున్న కాలనీలు, కార్మిక సంఘాల కరపత్రాలు, క్యాంటీను, ఆటస్థలం, నాటకాల జ్ఞాపకాలు చెదిరిపోయి ఉన్నాయి. నిలిచిన కట్టడం లేనందువల్ల దానికి వనమూ లేదు, టికెట్టూ లేదు, చక్రమూ లేదు. కట్టడం నిలిచినచోట కార్మికుల గొంతు న్యాయాధికారి గుమాస్తా రాతలోంచి, యజమాని లెక్కల పుస్తకంలోంచి వెతుక్కోవలసి వచ్చింది. ఓరుగల్లులో పరిస్థితి దీనికి విరుద్ధం. అక్కడ పడుగు తీసినవారు, కండెలు మార్చినవారు, రాత్రి షిఫ్టు చేసినవారు ఇంకా మనమధ్య ఉన్నారు. విశ్వవిద్యాలయ తెలుగు, చరిత్ర శాఖలు వారి మౌఖిక కథనాలను వృత్తిపదాలతో సహా సేకరించదలచుకుంటే, తోట మీదుగా నడవనక్కరలేదు. ఆ కాలనీల గుమ్మాల దగ్గరికి వెళ్లి, వారి వయసును లెక్కలోకి తీసుకుని, ఆలస్యం లేకుండా మొదలుపెట్టాలి.